బజారు వీధి ఎవరిది?

పిల్లలూ! మీ ఊళ్లో బజారు వీధిని బాగుచేయబోతున్నారని ఒకనాడు కబురు వచ్చిందనుకోండి. కొత్త సిమెంటు రోడ్డు వేస్తారట. రెండు వైపులా కాలిబాటలు కడతారట. కొత్త దీపాలు పెడతారట. వినగానే ఎవరికైనా సంతోషమే. గోతులుండవు, బురద ఉండదు, రాత్రిపూట చీకటి ఉండదు. ఇక అందులో ఆలోచించవలసిందేముంది?

చాలా ఉంది. కోనసీమలో, కొత్తపేటకు దగ్గరలో పలివెల అనే ఊరుంది. గోదావరి పాయలైన గౌతమి, వసిష్ఠల నడుమ ఉన్న పచ్చని నేల అది. శివలింగానికి కొప్పు ఉండే ఉమా కొప్పులింగేశ్వరస్వామి ఆలయం వల్ల ఆ ఊరి పేరు చాలామందికి తెలుసు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు పలివెల కోనసీమ జిల్లాలో చేరింది. నేడు ఆ జిల్లా పూర్తి పేరు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా.

పలివెల వంటి ఊరి బజారులో పొద్దున్నే ఎవరెవరు కనిపిస్తారో ఒకసారి తలుచుకోండి. కిరాణా కొట్టాయన తలుపులు తీసి గడప ముందు నీళ్లు చల్లుతాడు. పక్క ఊరినుంచి వచ్చిన అవ్వ గోనెపట్టా పరిచి బెండకాయలూ, దోసకాయలూ, తోటకూర కట్టలూ పేర్చుకుంటుంది. ఒకాయన బండిమీద కొబ్బరి బొండాలు తెచ్చి చెట్టు నీడన నిలుపుతాడు. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఒకామె కేకవేస్తూ పోతుంది. అరటిగెలలు వేసుకున్న వ్యాను హారన్ మోగిస్తుంది. ఆటోలు మనుషులకోసం ఆగుతాయి. గుడికి పోయే ముసలివాళ్లు అంచునే మెల్లగా నడుస్తారు. బడిపిల్లలు సైకిళ్లమీద వాళ్ల మధ్యనుంచే దూసుకుపోతారు.

వీళ్లలో ఒక్కొక్కరినీ పిలిచి, "ఈ వీధికి ఏం కావాలి?" అని అడిగి చూడండి. కొట్టాయన, "సరుకు దింపుకోవడానికి లారీ నా కొట్టు ముందుకు రావాలి," అంటాడు. కూరలమ్మే అవ్వ, "నన్ను ఇక్కడినుంచి లేపకుండా ఉంటే చాలు నాయనా," అంటుంది. బొండాలాయనకు చెట్టు ఉండాలి. ఆ చెట్టు వెనక దుకాణం పెట్టినాయనకు చెట్టు పోవాలి, తన బోర్డు కనిపించాలి. ఆటోవాళ్లకు నిలబడే చోటు కావాలి. ముసలివాళ్లకు తడబడకుండా నడిచే బాట కావాలి.

వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరి అవసరం వారిది. అయితే వీధి ఒక్కటే. దాని వెడల్పు పెరగదు. ఒకరిని మాత్రమే అడిగి పని మొదలుపెడితే ఆ ఒకరి పనే జరుగుతుంది. ఎవరినీ అడగకపోతే ఏమవుతుందో ముందు చూద్దాం.

ఆరంగుళాల కథ

కోనసీమ నేల ఇంచుమించు బల్లపరుపుగా ఉంటుంది. కొండలు లేవు, పల్లాలు కొద్ది. వాన కురిస్తే నీరు తనంతట తాను పరుగెత్తిపోదు, దారి చూపించాలి. అందుచేత ఇక్కడ వీధి సంగతి మాట్లాడటమంటే మొట్టమొదట నీటి సంగతి మాట్లాడటమే.

రోడ్డును ఎప్పుడూ నడుమ కొంచెం ఎత్తుగా, అంచులు కొంచెం పల్లంగా కడతారు. వాననీరు నడుమ నిలవకుండా ఇరువైపులకూ జారిపోవడానికే ఈ ఏర్పాటు. సిమెంటు రోడ్డుకు ఈ వాలు నూటికి రెండు వంతులు ఉండాలంటారు. లెక్క చూడండి: వీధి ఆరు మీటర్ల వెడల్పు అనుకుంటే నడుమనుంచి అంచుకు మూడు మీటర్లు, అంటే 300 సెంటీమీటర్లు. నూటికి రెండు చొప్పున 300కు ఆరు సెంటీమీటర్లు. అంత చిన్న వాలే వీధిని పొడిగా ఉంచుతుంది.

ఇక పల్లెల్లో వేసే సిమెంటు రోడ్డు పొర మందం ఆరంగుళాల వరకూ ఉంటుంది. పాత పొరను తవ్వి తీసివేసి, ఆ స్థానంలో కొత్తది వేస్తే చిక్కులేదు. కాని పాతదానిమీదనే కొత్తది వేస్తే రోడ్డు ఆరంగుళాలు పైకి లేస్తుంది. కొన్నేళ్లకు ఇంకొక పొర వేస్తే అడుగు ఎత్తు లేస్తుంది. రోడ్డు లేచింది గాని, పక్కనున్న ఇళ్లూ, కొట్లూ లేవలేదు గదా! ఒకప్పుడు రెండు మెట్లెక్కి వెళ్లిన గడపలోకి ఇప్పుడు దిగవలసి వస్తుంది. వాననీరు కాలువకు బదులు కొట్టులోకి వస్తుంది. బియ్యం బస్తాలు తడుస్తాయి. డబ్బున్నవాడు కొట్టు నేలను ఎత్తు చేయించుకుంటాడు. లేనివాడు గడపకు అడ్డంగా రెండు ఇటుకలు పెట్టుకుంటాడు.

రోడ్డు వేసినవారు చెడ్డవారు కాకపోవచ్చు. వేసిన రోడ్డు గట్టిదే కావచ్చు. కాని పని మొదలుపెట్టే ముందు ఆ గడపలో కూర్చున్న మనిషిని, "అమ్మా, వాన కురిస్తే నీళ్లు ఎటునుంచి వస్తాయి?" అని ఒక్కమాట అడిగి ఉంటే, ఆమె వేలు పెట్టి చూపించి ఉండేది. ఆ వీధిలో నలభై వానాకాలాలు చూసిన మనిషికి తెలిసిన సంగతి, నిన్న వచ్చిన ఇంజనీరుకు తెలియదు. ఇంజనీరుకు తెలిసిన వాలు లెక్క ఆమెకు తెలియదు. ఆ రెండు తెలివిడులూ ఒకచోట కలవాలి. దానినే నేడు "ప్రజాభిప్రాయ సేకరణ" అని పెద్ద పేరుతో పిలుస్తున్నారు. మనం తేలికగా "అడగడం" అందాం.

అడగడంలో మూడు పద్ధతులున్నాయి. నోటితో అడగడం ఒకటి. కళ్లతో చూసి లెక్కపెట్టడం రెండోది. కొద్దిరోజులు చేసి చూడటం మూడోది.

నోటితో అడగడం

ఊరి పనులను ఊరివాళ్లను అడిగే చేయాలని మన దేశంలో చట్టమే ఉంది. 1992లో మన రాజ్యాంగానికి 73వ సవరణ చేశారు. అది 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ఊరి వోటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభలో సభ్యులే. మనం ఎన్నుకున్న సర్పంచీ, వార్డు సభ్యులూ కలిస్తే పంచాయతీ. వోటర్లందరూ కలిస్తే గ్రామసభ. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 1994లో వచ్చింది; అందులోనూ గ్రామసభకు చోటుంది.

రాజ్యాంగం చివర పదకొండవ షెడ్యూలు అని ఒక పట్టిక ఉంది. పంచాయతీలకు అప్పగించదగిన 29 విషయాలు అందులో ఉన్నాయి. పదమూడవది రోడ్లు, తూములు, వంతెనలు. ఇరవైరెండవది అంగళ్లు, సంతలు. అంటే బజారు వీధి ఆ పట్టికలో రెండుసార్లు వచ్చిందన్నమాట!

అయితే ఒక సంగతి ముందు తెలుసుకోవాలి. ఊరి మధ్యనుంచి పోయే పెద్ద రోడ్డు రోడ్లు భవనాల శాఖది కావచ్చు. లోపలి వీధులు పంచాయతీవి. కరెంటు స్తంభాలు విద్యుత్తు సంస్థవి. స్తంభం జరపాలంటే ఒకరిని, కాలువ తవ్వాలంటే మరొకరిని అడగాలి. కాబట్టి సభ పెట్టేరోజున ఈ అందరి మనుషులూ అక్కడ ఉంటేనే ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. లేకపోతే "అది మా శాఖ కాదు" అన్న మాటతోనే సభ ముగుస్తుంది.

ఇప్పుడొక చిక్కు ప్రశ్న. కూరలమ్మే అవ్వ గ్రామసభకు వస్తుందా? ఆమె పక్క ఊరిది. ఆమె పేరు ఆ ఊరి వోటర్ల జాబితాలో ఉంది, ఈ ఊరి జాబితాలో లేదు. అందుచేత చట్టం ప్రకారం ఆమె ఈ గ్రామసభ సభ్యురాలు కాదు. పోనీ, వచ్చి ఒక మూల నిలబడి మాట చెబుదామన్నా, సభ జరిగేది ఆమె బేరం సాగే వేళ కావచ్చు. కూరలు వదిలి వస్తే ఆ పూట సంపాదన పోతుంది. రోజుకు ఎనిమిది గంటలు ఆ వీధిలోనే గడిపే మనిషి ఆ వీధిని గురించిన సభలో ఉండదు!

పిల్లల సంగతీ అంతే. పద్దెనిమిదేళ్లు నిండితేగాని వోటు లేదు, వోటు లేకపోతే సభ్యత్వం లేదు. రోజుకు రెండుసార్లు ఆ వీధిలో నడిచే మిమ్మల్ని అడిగేదెవరు?

కనుక మంచి సర్పంచి సభ పెట్టి ఊరుకోడు. సభకు రాలేనివారి దగ్గరకు తానే వెళతాడు. గోనెపట్టా పక్కన కూర్చుని అడుగుతాడు. ఆడవాళ్లు వెనక వరసలో మాట్లాడకుండా కూర్చుంటే, వాళ్లను వేరుగా కలుసుకుని అడుగుతాడు.

పట్నాలలో వీధి వ్యాపారుల కోసం 2014లో మన పార్లమెంటు ఒక ప్రత్యేకమైన చట్టం చేసింది. దాని ప్రకారం ప్రతి పట్టణంలోనూ ఒక కమిటీ ఉండాలి. ఆ కమిటీలో నూటికి నలభైమందికి తక్కువ కాకుండా వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు కావాలి. ముందు వ్యాపారులందరినీ లెక్కించి, కాగితాలు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు. యాభై ఏళ్లకు పైగా సాగుతున్న వీధి బజార్లను వారసత్వపు బజార్లుగా గుర్తించి, అక్కడివారిని కదిలించరాదని కూడా ఆ చట్టంలో ఉంది. ఇది మున్సిపాలిటీలకు వర్తించే చట్టం. కాని అందులోని న్యాయం పల్లెకు మాత్రం పనికిరాదా?

కళ్లతో అడగడం

నోటితో అడిగితే సరిపోదా, కళ్లతో అడగడం దేనికి అంటారేమో. మనుషులు నిజమే చెప్పినా, ఒక్కొక్కసారి ఆ నిజం లెక్కకు నిలవదు.

ఇంగ్లండులో బ్రిస్టల్ అనే నగరం ఉంది. 2006లో అక్కడి దుకాణదారులను, "మీ దగ్గరకు వచ్చేవారిలో కార్లమీద వచ్చేవారు ఎంతమంది?" అని అడిగారు. వాళ్లు చెప్పినదాన్ని బట్టి నూటికి నలభైఒక్కరు. తరవాత కొనేవాళ్లనే అడిగి లెక్కవేస్తే నూటికి ఇరవైఇద్దరే తేలారు! దుకాణదారులు మోసం చేయలేదు. దుకాణం ముందు ఆగిన కారు పెద్దది, కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నడిచి వచ్చిన మనిషి సంచి పట్టుకుని చప్పుడు కాకుండా వచ్చి పోతాడు. అతను గుర్తుండడు. అంతే.

డెన్మార్క్ దేశంలో యాన్ గెల్ అనే వాస్తుశిల్పి 1960లనుంచీ ఇదే పని చేశాడు. కాగితం, పెన్సిలు పట్టుకుని వీధిలో నిలబడేవాడు. ఎంతమంది నడుస్తున్నారు, ఎంతమంది ఆగారు, ఎక్కడ కూర్చున్నారు అని లెక్కపెట్టేవాడు. అప్పటికి మోటార్లను లెక్కపెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు గాని, మనుషులను లెక్కపెట్టేవాళ్లు అరుదు. అతని లెక్కలు చూసి తరవాత ఎన్నో నగరాలు తమ వీధులను మార్చుకున్నాయి.

ఈ పని మీరూ చేయవచ్చు. ఇందుకు యంత్రాలేమీ అక్కరలేదు. ఒక పెద్దవారిని తోడు తీసుకుని, రోడ్డుమీదకు దిగకుండా, ఎవరిదైనా అరుగుమీద కూర్చోండి. ఉదయం ఏడు గంటలకు పది నిమిషాలు, మధ్యాహ్నం పన్నెండుకు పది నిమిషాలు, సాయంత్రం ఆరుకు పది నిమిషాలు చాలు. కాగితంమీద గళ్లు గీసి, నడిచేవారు, సైకిలువారు, మోటారు సైకిలువారు, ఆటోలు, కార్లు, లారీలు అని రాసుకోండి. ఒక్కొక్కరికి ఒక్కొక్క నిలువు గీత; నాలుగు గీతలయ్యాక అయిదోది అడ్డంగా. తరవాత కూడడం తేలిక. ఒకరోజు మామూలు రోజున, ఒకరోజు పండుగ రోజున లెక్కపెట్టండి. శివరాత్రినాటి వీధి వేరు, మర్నాటి వీధి వేరు.

ఇంకొక మూడు సంగతులు కూడా రాసుకోండి. మొదటిది: ఏ చోట నీడ ఉంది, ఏ వేళకు ఉంది? రెండోది: వాన వెలిసిన అరగంటకు నీళ్లు ఎక్కడ నిలిచి ఉన్నాయి? మూడోది: రోడ్డు దాటేవాళ్లు ఏ చోట దాటుతున్నారు? ఈ మూడూ రాసిన కాగితాన్ని ఏ ఇంజనీరూ తోసివేయడు.

ఎత్తుపల్లాలు కూడా కొలవవచ్చు. తాపీమేస్త్రీలు నీళ్లు నింపిన సన్నటి గొట్టం పట్టుకుని మట్టం చూడటం మీరు చూసే ఉంటారు. గొట్టం రెండు కొసల్లోనూ నీరు ఒకే మట్టాన ఉంటుంది, ఎంత దూరం లాగినా సరే. ఒక కొస గడప దగ్గర, రెండోది రోడ్డు నడుమ పట్టుకుంటే, రోడ్డు ఎత్తో, గడప ఎత్తో క్షణంలో తేలిపోతుంది. అయితే రోడ్డు నడుమకు మీరు వెళ్లకండి. ఆ కొస మేస్త్రీనే పట్టుకోమనండి.

ఇక్కడే ఇంకొక లెక్క. కాలిబాట అంచు రోడ్డుకంటే 15 సెంటీమీటర్ల ఎత్తుంటే, చక్రాల కుర్చీ ఎక్కడానికి వాలుబాట ఎంత పొడవుండాలి? ఒక పాలు ఎత్తుకు పన్నెండు పాళ్ల పొడవు ఉండాలని నియమం. పదిహేను పన్నెండ్లు నూటఎనభై. అంటే దాదాపు ఆరడుగులు! అంత స్థలం కాగితంమీదనే ముందుగా కేటాయించకపోతే, తరవాత ఎవరో హడావుడిగా నిటారుగా ఒక దిమ్మ పోసి "ఇదిగో వాలుబాట" అంటారు. దానిమీదికి చక్రాల కుర్చీ కాదుగదా, సైకిలు ఎక్కించడమే కష్టం. కాలిబాటమీద అడ్డం లేకుండా నడవడానికి కనీసం 1.8 మీటర్లు ఉండాలని కూడా మన దేశపు రోడ్ల నియమాలు చెబుతున్నాయి. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా వచ్చి రాసుకోకుండా పోవడానికి అంత కావాలి. స్తంభం, చెట్టు, దుకాణం బోర్డు ఆ 1.8 మీటర్లలోకి రాకూడదు.

చేసి చూడటం

నోటితో అడిగాం, కళ్లతో చూశాం. అయినా కొందరు, "ఏమో, ఇలా చేస్తే మా బేరం పోతుంది," అని భయపడతారు. ఆ భయం తప్పని వాదించి గెలవలేం. అప్పుడు కొన్నాళ్లు చేసి చూడటమే మార్గం.

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగెన్‌లో స్ట్రోయెట్ అనే బజారు వీధి ఉంది. పొడవు కిలోమీటరుకు కొంచెం పైన. 1962 నవంబరు 17న ఆ వీధిలోకి మోటార్లు రాకుండా ఆపివేశారు. దుకాణదారులు మండిపడ్డారు. కార్లు రాకపోతే కొనేవాళ్లు రారన్నారు. తమది చలిదేశమనీ, వీధుల్లో షికార్లు తిరగడం ఎండదేశాలవారి అలవాటు గాని తమది కాదనీ అన్నారు. నగరంవారు దానిని పరీక్షగానే మొదలుపెట్టారు. జనం నడవసాగారు, బేరాలు పోలేదు. 1964లో ఆ ఏర్పాటు శాశ్వతమైంది. 1962లో ఆ నగరంలో మనుషులకే వదిలిన చోటు 15,800 చదరపు మీటర్లు. 2000 నాటికి అది లక్ష చదరపు మీటర్లకు దగ్గరపడింది. అదైనా ఒక్కసారి జరగలేదు. ఏటేటా కొంచెం చేసి, చూసి, మళ్లీ కొంచెం చేశారు.

అయితే ఒక ఊరికి కుదిరింది అన్ని ఊళ్లకూ కుదరదు. అమెరికాలోని కలమజూ అనే పట్నంలో 1959లో బజారు వీధిలో మోటార్లు ఆపారు. అది చూసి అనేక పట్నాలు అలాగే చేశాయి. కాని చాలాచోట్ల జనం ఊరి బయట కొత్త దుకాణాలకు పోసాగారు. నడిచే వీధులు బోసిపోయాయి. చికాగోలోని స్టేట్ స్ట్రీట్‌లోకి 1996లో, కలమజూలోకి 1998లో మళ్లీ మోటార్లను రానిచ్చారు. పొరుగూరి మందు మన జబ్బుకు పనిచేస్తుందో లేదో చూసుకోవాలన్నమాట.

బ్రెజిల్ దేశంలో కురిటిబా నగరం కథ అన్నిటికంటే విచిత్రమైనది. 1972లో జైమే లెర్నర్ అనే ఆయన అక్కడ మేయరు. ఒక పెద్ద బజారు వీధిని నడిచేవాళ్లకు వదలాలని ఆయన సంకల్పం. దుకాణదారులు ఒప్పుకోలేదు, కోర్టుకు పోతామన్నారు. మే నెలలో ఒక శుక్రవారం సాయంత్రం పనివాళ్లు దిగి, 72 గంటల్లో రోడ్డు తీసి రాళ్లు పరిచి, పూలమొక్కలు నాటి పని పూర్తిచేశారు! దుకాణదారులు కొద్దిరోజులు చూశారు. తమ బేరం పెరిగిందని గ్రహించి, మిగతా వీధిని కూడా అలాగే చేయమని వారే అడిగారు. కాని మోటారు కార్లవాళ్లకు కోపం తీరలేదు. కార్లన్నీ కలిసి వరసగా ఆ వీధిలోకి తోలుకువస్తామన్నారు. మేయరు పోలీసులను పిలవలేదు. వీధి పొడుగునా కాగితం పరిపించి, పిల్లలను పిలిచి బొమ్మలు వేసుకోమన్నాడు. కార్లవాళ్లు వచ్చి చూసేసరికి వీధినిండా పిల్లలు కూర్చుని రంగులు పూస్తున్నారు. వాళ్లు వెనక్కు తిరిగి వెళ్లిపోయారు. తరవాత శనివారాలు పిల్లలు అక్కడ బొమ్మలు వేయడం ఆచారమైంది.

ఈ కథ వినడానికి బాగుంటుంది. అయితే ఒకటి గమనించండి. ఆ మేయరు ముందుగా అందరినీ ఒప్పించలేదు, చేసి చూపించాడు. అది ఫలించింది కనుక అందరూ మెచ్చుకున్నారు. ఫలించకపోతే? రాళ్లూ, మొక్కలూ తీసివేయవచ్చు. కాని కూలగొట్టిన కొట్టును, కొట్టివేసిన చెట్టును, లేపివేసిన అవ్వను తిరిగి తేవడం సాధ్యం కాదు. వెనక్కు తీసుకోగలిగిన పనినే పరీక్షగా చేయవచ్చునని పెద్దలు కూడా గుర్తుంచుకోవాలి.

మనకు దగ్గరలో ఇటువంటి పని చెన్నైలో జరిగింది. అక్కడ త్యాగరాయనగరులో పాండీబజారు ఉంది. ఆ పేటకు తెలుగువాళ్లతో సంబంధం ఉంది. త్యాగరాయనగరు పేరు తెలుగు కుటుంబానికి చెందిన పిట్టి త్యాగరాయ చెట్టిగారిది. పక్కనున్న పానగల్ పార్కు పేరు 1921 నుంచి 1926 వరకూ మద్రాసు రాష్ట్రపు ముఖ్యమంత్రిగా ఉన్న పానగల్ రాజాగారిది. పాండీబజారు కాలిబాటలమీద వ్యాపారం చేసుకునే వందలమందిని 2013లో ఒక మేడలోకి మార్చారు. మేడ ఎక్కి వచ్చేవాళ్లు తక్కువనీ, బేరం పడిపోయిందనీ వాళ్లు మొరపెట్టుకున్నారు. తరవాత ఆ వీధిని నడిచేవాళ్లకు అనువుగా మార్చదలిచి, ముందుగా కొన్ని గంటలపాటు మోటార్లు ఆపి పరీక్ష చేశారు. 2019 నవంబరు 13న వెడల్పాటి కాలిబాటలతో కొత్త వీధి తెరిచారు. మోటార్లను పూర్తిగా ఆపలేదు. వాటి దారిని ఇరుకు చేసి, మనుషుల దారిని వెడల్పు చేశారు. నేడు అక్కడ ముసలివాళ్లు బల్లలమీద కూర్చుంటారు, పిల్లలు ఆడుకుంటారు. కాని ఆ వీధిని చూసినప్పుడు మేడలోకి వెళ్లినవారిని కూడా తలుచుకోవాలి. వీధి అందంగా ఉన్నదా అన్నది ఒక ప్రశ్న. వెనకటివారిలో ఎంతమంది ఇంకా బతుకుతున్నారు అన్నది రెండో ప్రశ్న.

పిల్లల మాట

పిల్లలను అడగడం వేళాకోళం కాదు. 1989లో ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. తమకు సంబంధించిన విషయాలలో పిల్లలు మాట చెప్పవచ్చుననీ, పెద్దలు ఆ మాటకు తగిన విలువ ఇవ్వాలనీ దాని పన్నెండవ అధికరణంలో ఉంది. మన దేశం 1992 డిసెంబరులో ఆ ఒడంబడికలో చేరింది. మన పొరుగున కర్ణాటకలో, ఏటా పిల్లలకోసం "మక్కళ గ్రామసభ" జరపాలని 2006లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మక్కళంటే కన్నడంలో పిల్లల అని అర్థం. అక్కడ పిల్లలు లేచి నిలబడి అడుగుతారు, పంచాయతీవారు జవాబు చెప్పాలి.

పిల్లలకు తెలిసినవి కొన్ని పెద్దలకు తెలియవు. పెద్దల కన్ను అయిదడుగుల ఎత్తున ఉంటుంది, రెండో తరగతి పిల్లవాడి కన్ను మూడున్నర అడుగుల ఎత్తున ఉంటుంది. ఆగి ఉన్న ఆటో వెనకనుంచి పెద్దవాడికి రోడ్డు కనిపిస్తుంది. పిల్లవాడికి ఆటో మాత్రమే కనిపిస్తుంది. కాలువమీది పలక ఎక్కడ ఊగుతున్నదో, ఏ స్తంభం దగ్గర కుక్క పడుకుంటుందో, బడి వదిలినప్పుడు ఏ మలుపులో లారీ వస్తుందో మీకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఈ సంగతులు ఒక కాగితంమీద పటంగా గీసి, మీ మాస్టారిద్వారా పంచాయతీకి ఇవ్వవచ్చు.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. సభ అయిపోగానే పని అయిపోయినట్టు కాదు. అడిగినవాళ్లు తిరిగి జవాబు చెప్పాలి. "మీరు పది మాటలు చెప్పారు. ఆరు ఒప్పుకున్నాం. నాలుగు ఒప్పుకోలేదు, ఎందుకంటే ఇవిగో కారణాలు," అని పంచాయతీ గోడకు కాగితం అంటించాలి. పటం కూడా అందరికీ అర్థమయ్యేలా, కొత్త రోడ్డు ఎత్తు ఎవరి గడపకు ఎంత వస్తుందో చూపేలా ఉండాలి. తన మాట ఒప్పుకోకపోయినా, కారణం తెలిసినవాడు ఊరుకుంటాడు. తన మాట ఏమయిందో తెలియనివాడు ఇంకోసారి సభకు రాడు. జవాబు రాకపోతే మీరే వెళ్లి అడగండి. గ్రామసభ సభ్యులుగా అది మీ హక్కు.

ఈసారి మీరు బజారుకు వెళ్లినప్పుడు, కూరలమ్మే అవ్వ దగ్గర బెండకాయలు కొంటూ ఒక ప్రశ్న వేయండి: "అవ్వా, ఈ వీధిని బాగుచేస్తే నీకేం కావాలి?" ఆమె చెప్పింది శ్రద్ధగా విని రాసుకోండి. ఆమెను ఆ ప్రశ్న అడిగినవాళ్లు మీకు ముందు ఎవరూ లేకపోవచ్చు.